మిర్చి కొట్టులో చీకటి ముక్క

వరంగల్, గిర్మాజీపేట
4 ఫిబ్రవరి 1963

మహారాజశ్రీ అనసూయక్కయ్య గారి పాదాలకు తమ్ముడు రాంచందర్ నమస్కరించి రాయునది,

ముందుగా క్షమాపణ. బి.ఏ. పాసై ఏడు నెలలైనా మిర్చికాయకు తొడిమ ఎటుంటుందో నాన్నకు నమ్మకం కలిగేలా చెప్పలేని అల్పుణ్ణి, చలనచిత్ర విమర్శ అనే మహాకార్యానికి పూనుకుంటున్నాను. ఇందుకు నువ్వూ, బావా, కొత్తగూడెం బొగ్గుగనుల సమస్త కార్మికులూ, నీ కడుపులో ఉన్న ఏడో నెల పెద్దమనిషీ నన్ను మన్నింతురు గాక. మన్నించకపోయినా రాస్తాను.

నువ్వు వెళ్ళాక ఇంట్లో వచ్చిన మార్పు ముందు చెప్పాలి. ఆడవాళ్ళు టాకీసుకు పోకూడదన్నది నాన్న సిద్ధాంతం. అయితే టాకీసే ఇంటికి రావాలన్నది అమ్మా, నాయనమ్మల సవరణ. సంధి కుదిరి, బదిలీ మీద పోతున్న ఒక ఇంజనీరు దగ్గర నాన్న పాత ప్రొజెక్టరు కొన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మన మిర్చి కొట్టే థియేటరు. కిటికీలకు గోనె సంచులు కడితే పట్టపగలే చీకటి. గోడకు నాన్న ధోవతే తెర. వాడకట్టు ఆడవాళ్ళూ పిల్లలూ బస్తాల మీద కూర్చుంటారు. అంత మిర్చి నడుమ చూస్తారు కాబట్టి ఏ సినిమాకైనా కన్నీళ్ళు ఖాయం. మొన్నొక హాస్య చిత్రానికి పక్కింటి మొగిలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ దర్శకుడు చూసి ఉంటే వృత్తి మానుకునేవాడు.

ఆపరేటరు నీ తమ్ముడు. సెన్సారు నాన్న. తెర మీద ఆడమనిషి చెయ్యి మోచేతి పైదాకా కనిపించినా, ఇద్దరు మనుషులు అవసరానికి మించి దగ్గరికి జరిగినా, నాన్న చేతికర్రతో నేలను ఒకసారి కొడతాడు. నేను దీపం ముందు అరచెయ్యి అడ్డం పెట్టాలి. మళ్ళీ కొడితే తియ్యాలి. దగ్గునే సంకేతంగా పెట్టుకోవచ్చు గానీ, మిర్చి కొట్టులో ఆ పద్ధతి పెడితే సినిమా మొదలు నుంచి చివరి దాకా చీకటే. చిక్కేమిటంటే నా చెయ్యి బొమ్మను ఆపుతుంది, చప్పుడును ఆపదు. ఆ చీకట్లో వినబడే గాజుల గలగలకు నాయనమ్మ తన కథ తాను అల్లుకుంటుంది. అసలు కథ కంటే అది నాలుగింతలు ఘోరంగా ఉంటుంది.

ఇక నిన్నటి చిత్రరాజం. పబ్లిసిటీ ఆఫీసు వాళ్ళు ఉత్తపుణ్యానికి ఇచ్చిన డాక్యుమెంటరీ. మశూచి టీకాల గురించి, పదకొండు నిమిషాలు. ఒక నర్సమ్మ పెట్టె పట్టుకుని ఊళ్ళోకి వస్తుంది. ఒక తల్లి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది. నర్సమ్మ పెట్టె తెరుస్తుంది. చీకటి. చీకట్లో పిల్ల కెవ్వుమని కేక. వెలుగు. చూస్తే పిల్ల చేతిలో బత్తాస, తల్లి ముఖాన చిరునవ్వు.

కొట్టులో తుమ్ములు కూడా ఆగిపోయాయి.

"ఏం జేసిన్రురా పోరికి, చీకట్ల?" అంది నాయనమ్మ.

"ఏం జేస్తే గట్ల ఒర్రుతదవ్వా! పైంగ తల్లి నవ్వుతాంది సూడు, దాని మొగం మండ!" అంది మన వాడకట్టు బక్కమ్మ.

నా అభిప్రాయం: ఛాయాగ్రహణం బాగుంది, కథ పలుచన. నీ కూతురు కమల క్షేమం. మూడేళ్ళకే నాయనమ్మ మీద పెత్తనం చేస్తోంది. నువ్వు మంచం దిగవద్దని డాక్టరమ్మ చెప్పిన మాట మరచిపోకు.

నీ తమ్ముడు,
రాంచందర్, బి.ఏ., ఆపరేటరు

కొత్తగూడెం
8 ఫిబ్రవరి 1963

చిరంజీవి రాంచందర్‌కు అక్క ఆశీర్వదించి రాయునది,

నీ ఉత్తరం చదివి నవ్వితే పక్కలు నొప్పి పుట్టాయి. మీ బావ వచ్చి, నవ్వడం కూడా డాక్టరమ్మను అడిగి నవ్వమన్నారు.

నవ్వాక మళ్ళీ చదివాను. అప్పుడు నవ్వు రాలేదు. ఆఫీసు వాళ్ళు వేరే ఏ రీలూ ఇవ్వకుండా ఈ రీలే ఎందుకిచ్చారు? పట్నంలో ఎక్కడన్నా అమ్మవారు పోసిందా? కమలకు టీకా వేయించలేదు, నీకు తెలుసు. నేను బయలుదేరేటప్పుడు దానికి పడిశం, తగ్గగానే వేయిస్తానని అమ్మ మాటిచ్చింది. వేయించిందా?

ఇంకో మాట. ఆ చీకట్లో ఉన్నది చిన్న సూదేనని నువ్వు వాళ్ళకు చెప్పావా? నేనూ ఆ బస్తాల మీద కూర్చున్నాననుకుని చూస్తే నాకైతే భయమే వేసింది. చెప్పి ఉంటావులే. అంత చదువుకున్నవాడివి.

వెంటనే జవాబు రాయి.

అనసూయ

వరంగల్
17 ఫిబ్రవరి 1963, ఆదివారం సాయంత్రం

అక్కయ్య గారికి,

ఆలస్యానికి కారణం కళాసేవ. ఈ వారం రెండు చిత్రాలు. మొదటిది తేనెటీగల పెంపకం. అందులో రాణీగారు కదలకుండా కూర్చుంటే ఊరంతా చాకిరీ చేస్తుంది. చూడగానే అమ్మ నాయనమ్మ వైపు చూసింది, నాయనమ్మ నాన్న వైపు చూసింది, నాన్న నిద్రపోతున్నాడు. డాక్యుమెంటరీ అంటే ఆయనకు జోలపాట. ముప్పై వేల ఈగలలో ఒక్కదానికీ మోచేతుల సమస్య లేదు కాబట్టి సెన్సారు అవసరం రాలేదు. రెండోది దేవుడి సినిమా. అందులో స్వర్గం కంటే నరకం బాగా కట్టారు. ఎవరికైనా డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిసి ఉండాలి.

మన వాడకట్టులో విశేషాలు పెద్దగా లేవు. ఎదురింటి వడ్రంగి రాజమల్లు గుమ్మానికి వేపమండలు కట్టి ఇంటికి పండుగ కళ తెచ్చాడు. అతని భార్య సమ్మమ్మ రెండు రోజులుగా పోపు పెట్టడం లేదు, దాంతో మన ఇంటికి కమ్మని వాసనల కరువు. వాళ్ళ పిల్ల చిలుకమ్మ రాలేదు గనక ముందు వరస బోసిగా ఉంది. అది మొన్న శుక్రవారం దాకా మన కమలతోనే ఆడింది. ఇప్పుడు కమలకు తోడు నేనే. చాలా కఠినమైన యజమానురాలు.

టీకా సంగతి అమ్మను అడుగుతాను. ఎండలు ముదురుతున్నాయి, ఒళ్ళు జాగ్రత్త.

రాంచందర్

కొత్తగూడెం
18 ఫిబ్రవరి 1963

రాంచందర్,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఈ రాత్రి బండికే జవాబు వేయిస్తున్నాను.

వేపమండలు, పోపు లేని వంట. నేను గిర్మాజీపేటలో పుట్టినదాన్నే. అది పండుగ కాదని నాకు తెలియదనుకున్నావా? చిలుకకు అమ్మవారు పోసింది. నా బిడ్డ శుక్రవారం దాకా దాని పక్కన కూర్చుంది. ఇది నువ్వు నాకు తేనెటీగల కింద రాశావు.

నేనూ మొన్న ఒక సినిమా చూశాను. మీ బావ పనిచేసే గని వాళ్ళు క్వార్టర్లలో వేశారు. మంచం వరండాలోకి జరిపితే ఎదురు గోడ మీద కనబడింది. గని లోపల ఒకడు అందరికంటే ముందు పొగ వాసన పసిగడతాడు. నలుగురూ భయపడతారని చెప్పకుండా పాట పాడుతూ పని చేస్తాడు. పక్కవాళ్ళు వాడి పాటకు తాళం వేస్తారు. తర్వాత ఏమైందో చెప్పను. సినిమా బాగుందా అని మీ బావ అడిగితే, ఆ పాటగాడు మా తమ్ముడిలాగే ఉన్నాడని చెప్పాను.

నేను రాలేను. మొన్న రెండడుగులు వేస్తేనే రక్తం కనబడింది. మీ బావ నన్ను విడిచి కదలలేరు. అక్కడ నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

కమలకు తల్లిని నేను. టీకా వెయ్యాలన్నది నా మాట. ఎవరు అడ్డం వచ్చినా ఈ ఉత్తరం చూపించు. మొత్తం నిజం రాయి. జోకు రాస్తే చింపేస్తాను.

అనసూయ

వరంగల్
19 ఫిబ్రవరి 1963

అక్కా,

మొత్తం నిజం.

డాక్యుమెంటరీ చూపించిన మర్నాడే మున్సిపాలిటీ టీకాల కట్టయ్య మన గల్లీకి వచ్చాడు. అప్పటికి వాడకట్టులో ఎవరికీ ఏమీ లేదు. ఆడవాళ్ళంతా తలుపులు వేసుకున్నారు. సమ్మమ్మ చిలుకను వడ్ల గుమ్మి వెనక దాచింది. బక్కమ్మ ఆయన మీద పేడనీళ్ళు కుమ్మరించింది. నాయనమ్మ మన గడపలో అడ్డంగా కూర్చుని, "పెట్టె దెరిచి చీకట్ల పోరగాండ్లను ఏం జేస్తరో మేం సూసినం. నడువుర్రి!" అంది. ఆయన తలా తోకా తెలియక నిలబడ్డాడు. ఆ ఒక్క వారంలోనే ఆయన మూడుసార్లు వచ్చాడు. ఒక్క పిల్లను కూడా ఎవరూ చూపించలేదు. ఆ తర్వాత రావడం మానేశాడు.

మొదటిరోజు నేను మేడ మీద నిలబడి ఈ తమాషా అంతా చూశాను. నవ్వాను కూడా.

చిలుకకు గురువారం ఒళ్ళు వెచ్చబడింది, అయినా శుక్రవారం ఆటకు వచ్చింది. శనివారం పొద్దున ముఖం మీద పొక్కులు. ఇప్పుడు కళ్ళు తెరవలేకపోతోంది. రాజమల్లు పని మానేసి వేపరెమ్మతో విసురుతూ కూర్చున్నాడు.

నీ ఉత్తరం నాయనమ్మకు చదివి వినిపించాను. "బిడ్డె దూరాన ఉన్నది, దానికేం ఎరుక? అమ్మతల్లి గల్లీల తిరుగుతాంటే పోరి ఒంటికి ఇనుము తాకిస్తరా?" అంది. కమలను కొంగుకు ముడేసుకుని తిరుగుతోంది. అది నిజంగా ముడే. అమ్మను అడిగితే, "మీ నాయనమ్మను కాదని నేనేం జెయ్యాలె బిడ్డా?" అని ఏడ్చింది. నాన్న లెక్కపెట్టినట్టు మూడు మాటలు మాట్లాడాడు: "ఆడోళ్ళ సంగతి. ఊకో."

ఇంకా ఒకటుంది. ఇది రాయడానికి రెండు కాగితాలు చింపాను.

ఆ రోజు నాన్న కర్ర కొట్టలేదు. డాక్యుమెంటరీ మొదలైన రెండు నిమిషాలకే ఆయన నిద్రపోయాడు. అంతకు ముందు నేను ఆఫీసులో ఆ రీలు ఒకసారి చూశాను. పిల్ల ఎక్కడ కేక వేస్తుందో నాకు తెలుసు. సరిగ్గా అక్కడ చీకటి చేస్తే ఆడవాళ్ళంతా బస్తాల మీద నుంచి ఎగిరిపడతారని చెయ్యి అడ్డం పెట్టాను. తమాషాకు. ఎగిరిపడ్డారు.

రాంచందర్

కొత్తగూడెం
20 ఫిబ్రవరి 1963

రాంచందర్,

మీ బావ ఆఫీసులో పనిచేసే ఆయన వరంగల్ వస్తుంటే చేతికిచ్చి పంపుతున్నాను.

తిట్టడానికి ఓపిక లేదు. రాత్రంతా లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను, శుక్రవారం నుంచి ఎన్ని రోజులైందని.

నాయనమ్మను మూర్ఖురాలనకు. తన కళ్ళకు చూపించినదాన్ని బట్టి ఆమె నడుచుకుంది. పిల్లను కాపాడుతున్నానే అనుకుంటోంది. ఆమె స్థానంలో నేనున్నా గడపలో కూర్చునేదాన్నే.

ఆ చీకటి పెట్టింది నువ్వు. నువ్వే తియ్యి. ఎట్లా తీస్తావో నాకు రాయకు. అయ్యాక రాయి.

అనసూయ

వరంగల్
10 మార్చి 1963

అక్కా,

నిన్నటి తంతి అందే ఉంటుంది. "కమల క్షేమం" అని రెండు మాటలే ఇచ్చాను. ఇన్ని రోజులు ఉత్తరం రాయకపోవడానికి ఈసారి కళాసేవ కారణం కాదు. అమ్మవారు సోకే గడువు దాటకుండా రాయడానికి చెయ్యి ఆడలేదు.

నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం చేరింది. వెంటనే కట్టయ్య దగ్గరికి పరుగెత్తాను. "మీ గల్లీకా? మీ గల్లీల నన్ను దొంగను తరిమినట్టు తరిమిన్రు బాబూ. పేడ వాసన ఇంక పోలె," అన్నాడు. జరిగింది చెప్పాను. నా ముఖం చూసి, "బి.ఏ. చదివినవా?" అని మాత్రం అడిగి, పెట్టె తీసుకుని వెంట వచ్చాడు. ఆలస్యమైందనీ, అయినా వేస్తే మేలేననీ దారిలో చెప్పాడు.

ఆ రీలు మళ్ళీ వేద్దామంటే అది వర్ధన్నపేట పల్లెలకు పోయింది. దేవుడి సినిమా మళ్ళీ వేస్తున్నానని వాడకట్టంతా చాటించాను. వారం నడుమ సినిమా ఏమిటని ఎవరూ అడగలేదు. గల్లీలో అమ్మవారుండగా దేవుణ్ణి చూస్తే మంచిదేనని అందరూ వచ్చారు, సమ్మమ్మ ఇంటివాళ్ళు తప్ప. నాయనమ్మ కమలను ముడితో సహా తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంది.

దీపం వేశాను. రీలు వెయ్యలేదు. ధోవతి మీద ఉత్త తెల్లటి వెలుగు. ఆ వెలుగులోకి పోయి నిలబడ్డాను.

"సినిమా లేదా?" అంది మొగిలమ్మ.

"ఉన్నది. మొన్నటి దాంట్ల చీకటి పడ్డ ముక్క. గదొక్కటే," అన్నాను. తర్వాత చెప్పేశాను. నాన్న కర్ర కొట్టలేదని, నేనే మిమ్మల్ని బెదిరించడానికి చెయ్యి పెట్టానని, అందులో సూది తప్ప ఏమీ లేదని. ఎవరూ నవ్వలేదు. బక్కమ్మ అడిగిందల్లా ఒక్కటే. "అయితే చిలుకను మేం ఉత్తగనే దాపిచ్చినమా?" నాన్న లేచాడు. ఆయన కర్ర ఈసారి నేల మీద పడలేదు, నా పిక్క మీద పడింది. అమ్మ అడ్డం వచ్చింది.

"ఇగో, ఇప్పుడు అందరి ముంగట నేనే ఏపిచ్చుకుంట," అని చొక్కా చెయ్యి మడిచి పీట మీద కూర్చున్నాను. కట్టయ్య పెట్టె తెరిచాడు.

పావుగంటలో నాయనమ్మ తన చెయ్యి చాపింది. డెబ్బై రెండేళ్ళ చెయ్యి, మోచేతి పైదాకా, ఆ వెలుగులో. నాన్న తల పక్కకు తిప్పుకున్నాడు గానీ కర్ర కొట్టలేదు. ఆ తర్వాత ఆమె కమలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొంగు ముడి తనే విప్పి, "మెల్లగ ఎయ్యి నాయనా, పసిది," అంది. కమల ఏడ్చింది. సినిమాలో పిల్ల కంటే తక్కువగానే. వాళ్ళ వెనక బక్కమ్మ మనుమలు, మొగిలమ్మ పిల్లలు, అమ్మ. మొత్తం ఇరవై ముగ్గురు. చివర నాన్న గొంతు సవరించుకుని, "నాకు గూడ," అన్నాడు.

అసలు పరీక్ష ఆ తర్వాత. టీకా ఫలిస్తుందో, అంతకు ముందే అంటుకుందో చెప్పలేమన్నాడు కట్టయ్య. రోజుకు నాలుగుసార్లు కమల నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాం. ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది. నాయనమ్మ పిల్ల ఒళ్ళంతా వేలితో వెతికింది, ముఖం, కడుపు, అరికాళ్ళు. ఎక్కడా ఏమీ లేదు. టీకా వేసిన చోట ఒక్కటే పొక్కు, నిండుగా. కట్టయ్య వచ్చి చూసి, "ఇది మంచి జ్వరమవ్వా, టీకా పట్టింది," అన్నాడు. నిన్న మళ్ళీ వచ్చి గడువు దాటిపోయిందని, ఇక ఫికర్ లేదని చెప్పి, నాయనమ్మ ఇచ్చిన చాయ్ తాగి పోయాడు.

చిలుక బతికింది. ముఖం నిండా గుంటలు. ఎడమ కన్ను మసక. మొదటిరోజే టీకా వేసి ఉంటే ఏమయ్యేదని కట్టయ్యను అడిగాను. "తప్పేదేమో. చెప్పలేం బాబూ," అన్నాడు. రోజూ పొద్దున వాళ్ళ గుమ్మం ముందు నుంచే అంగడికి పోతాను. ఈ పేరా దగ్గర ఒక జోకు వెయ్యాలని చాలాసేపు చూశాను. రాలేదు.

ఇక నీకు అమ్మ రాయించిన ఉత్తరం ఒకటి వస్తుంది. అందులో "రాంచందర్ ధైర్యంగా అందరికంటే ముందు టీకా వేయించుకుని గల్లీకి దారి చూపించాడు" అని ఉంటుంది. ఆ ఉత్తరం అమ్మ చెబుతుంటే నేను రాశాను. ఆ వాక్యం మాత్రం అమ్మ చెప్పలేదు.

కట్టయ్య పెట్టె తెరిచాడన్నాను కదా. లోపల దూదిలో, పళ్ళున్న చిన్న చక్రంలాంటి సూది ఉంది. చర్మం మీద పెట్టి తిప్పుతారట. నేను దాన్ని చూశాను. తర్వాత నేను చూసింది మిర్చి బస్తా, చాలా దగ్గర నుంచి.

"మామ పడ్డడు!" అని కమల చప్పట్లు కొట్టింది. అప్పుడు నవ్వారట, కొట్టంతా. నన్నింకా ఎవరూ ముట్టుకోనే లేదు. నాయనమ్మ వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుని, "గిప్పుడే ఎయ్యి నాయనా, లేస్తే ఉరుకుతడు వీడు," అని నా చెయ్యి తనే గట్టిగా పట్టుకుంది. అట్లా పట్టుకున్నది గనక జానెడు దూరం నుంచి మొత్తం చూసింది, సూది ఎక్కడ పెట్టేదీ, ఎంత తిప్పేదీ, ఎంత రక్తం వచ్చేదీ. "గింతేనా? గీ గీకుడుకేనా గిన్నొద్దులు పరేషానైంది!" అని తన చెయ్యి చాపింది. నాకు తెలివి వచ్చేసరికి వరసలో తొమ్మిదో మనిషికి టీకా పడుతోంది.

నా ఉపన్యాసానికి ఒక్కరు కూడా కదల్లేదక్కా. ఆ రోజు నేను చేసింది ఒక్కటే. పడిపోయాను.

నీ తమ్ముడు,
రాంచందర్